పడవెక్కేదాకా

నా మొదటి కథను ఒక రచయితకు చూపించాలని అనంతపురం నుంచి రేపల్లెలో ఆయన సభకు వెళ్లాను. సభలో ఆయన తన కథ చదవడం మొదలుపెట్టగానే నా పక్కనున్న పెద్దావిడ, చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఆడవాళ్లు చేసినట్టే, తలమీద కొంగు కప్పుకుంది. చివరి పేజీ మిగిలి ఉండగా లేచి వరండాలోకి వెళ్లిపోయింది. కంగారుపడి వెనకే వెళ్లాను.

“ఒంట్లో బాగోలేదా అమ్మా?”

“అదేం లేదు బాబూ. ఆ కథలో ఉంది మా ఆయనే. పెనుమూడి దగ్గర పడవ తిరగబడి కృష్ణలో పోయాడు. సారు తెనాలిలో చదివినా, బాపట్లలో చదివినా వెళ్తాను. మా ఆయన పడవెక్కేదాకా విని లేచొచ్చేస్తాను. అందాకా బతికే ఉంటాడుగా!”

లోపల చప్పట్లు మోగాయి. ఆవిడ కొంగు దించుకుని కళ్లు తుడుచుకుంది.

నా కథను సంచిలోంచి తీయలేదు. అందులో మా అమ్మ చావును మొదటి వాక్యంలోనే రాసేశాను.