జపానోళ్ళ బోణీ పాట

ఇప్పుడంటే ఫోను మీద వేలు పెడితే చేప ముక్కలై, మసాలా పొట్లంతో సహా గుమ్మం ముందుకు వస్తోంది. నేను బేరం మొదలుపెట్టిన కాలంలో చేప రావాలంటే ముందు దాని కేక రావాలి. కేక బాగుంటే చేప బాగున్నట్టే లెక్క. మా ఆయన కేక ఎలా ఉండేదంటే, ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద మోపెడ్ ఎక్కి ‘చేపలమ్మో’ అని గొంతు సవరించుకుంటే చాలు, మొదటి వీధిలో ఆడవాళ్ళు చింతపండు నానబెట్టేసేవాళ్ళట (నేను చూడలేదు, ఆయనే చెప్పుకునేవాడు). ఆయన పోయాక ఆ మోపెడూ, దాని వెనక కట్టిన చేపల టబ్బూ, తరాజూ, కత్తిపీటా, నాదర్‌గుల్ వైపు కొత్త కాలనీల్లో ఆయన సంపాదించిన గిరాకీ నాకు మిగిలాయి. కేక మాత్రం ఆయనతోనే పోయింది.

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. ఇనుప గేటును సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టు ఉంటుంది. జలుబు కాదు, దిగులు కాదు, పుట్టుకతోనే అంతే. చిన్నప్పుడు బతుకమ్మ ఆడుతూ నేను గొంతు కలపగానే పక్కనున్న పెద్దమ్మ నా నోట్లో సత్తుపిండి ముద్ద పెట్టేది. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. (ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది మా చెల్లెలి కూతురు. నా చదువు సంతకం వరకు, బస్సు బోర్డు వరకు. అచ్చులో బాగుండాలని నా మాటను దువ్వి జడ వేస్తోంది. గొంతుకు మాత్రం జడ వెయ్యడం తన వల్ల కాదంటోంది.)

మా ఆయన అన్న, అంటే మా బావ, ఆయనా చేపలే అమ్మేవాడు. ఆయనదీ గుడిగంట లాంటి గొంతే, వాళ్ళ వంశంలో అందరికీ గంటలే. దినాలు అయిపోయాక ఒక పొద్దున వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“బండి నాకిచ్చి ఇంటికాడ వలలు అల్లుకోరాదు? వచ్చిన దాంట్ల నీకింత ఇస్త. నీ గొంతు సూస్తేనేమో గట్ల.”

“ఇయ్య బావా. ఆయన తిరిగిన బండి. నేనే తిరుగుత.”

“తిరుగు, ఎవరొద్దన్నరు. మిరుగం దాక సూస్త. మిరుగం నాడు సుత చేపలు మిగిల్చుకొని వస్తివనుకో, మల్ల మాట్లాడేది లేదు, తాళంచెవి నా చేతుల వెట్టాలె.”

సరేనన్నాను. మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు మా వైపు చేపలు తినే ప్రతి ఇంట్లోనూ చేపల పులుసు ఉడకాల్సిందే. కళ్ళు మూసుకుని కూర్చున్నా టబ్బు ఖాళీ అవుతుంది. ఆ రోజున కూడా అమ్మలేని మనిషి ఇక వలలే అల్లుకోవాలి. బావ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నాకు కోపం తెప్పించింది.

మొదటి రోజు కాలనీలోకి వెళ్ళి కేక వేశాను. ఒక ఇంట్లో పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఒకాయన బనీనుతో బయటికొచ్చి కొట్లాట ఎక్కడా అన్నట్టు రెండు వైపులా చూసి మళ్ళీ తలుపేసుకున్నాడు. మేడ మీద ఒక ముసలవ్వ ఉండేది, తాడు కట్టిన బుట్ట కిందికి దించి కూరగాయలు కొనుక్కునేది. ఆవిడ పిట్టగోడ మీంచి వంగి, “ఏమైంది బిడ్డా, ఎవరు పోయిన్రు?” అంది.

“ఎవరు పోలే అవ్వా, చేపలొచ్చినయి” అన్నాను. ఆ మాట అన్నాక నాకే నవ్వొచ్చింది, తర్వాత ఇంకోటేదో వచ్చింది, బండి తిప్పుకుని వచ్చేశాను. టబ్బు నిండుగానే ఉంది. ఆ వారమంతా మా ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళలో చేపల పులుసే. పెంట మీది కుక్క కూడా చేప అంటే మొహం తిప్పుకుంది.

అప్పుడు మా చిన్నది, అదే ఇది రాస్తున్న మా చెల్లెలి కూతురు, రంగంలోకి దిగింది. డిగ్రీ చదువుకోడానికి మా ఇంట్లోనే ఉండేది. జపాను బొమ్మల సినిమాలు చూసీ చూసీ, ఆ పాటలు వినీ వినీ, అన్నం పెట్టినా వంగి దండం పెట్టే రకం. బావ దగ్గర మెమరీ కార్డు పెట్టుకునే స్పీకరు డబ్బా ఒకటి ఉండేది. ఆయన గొంతుకు దాని అవసరం లేక అటక మీద పడేశాడు. అడిగితే ఇచ్చాడు. చిన్నది ముందు నా కేకనే ఫోనులో పట్టి అందులో వేసింది. డబ్బాలోంచి వచ్చిన నా గొంతు విని తనే దాన్ని చెరిపేసింది. తర్వాత తన గొంతుతో ‘తాజా చేపలు, చెరువు చేపలు’ అని ఎంతో మర్యాదగా చెప్పి వేసింది. తేనె లాంటి గొంతు. మర్నాడు అది మోగించుకుంటూ వెళితే ఇద్దరు తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చారు, పోలియో చుక్కలనుకుని. చేప చూడగానే పిల్లలు ఏడ్చారు. నా గొంతు లేకుండానే పిల్లల్ని ఏడిపించిన రోజు అదొక్కటే.

ఆ రోజే జరిగింది అసలు సంగతి. నా చేతులు రెండూ పొలుసుతో జిడ్డుగా ఉన్నాయి, ఎవరో బతిమాలించుకుని కొన్న ఒక్క చేప శుభ్రం చేస్తున్నాను. చిన్నదాని తేనె అయిపోయింది. కార్డు చిన్నదాని ఫోనులోది, అందులో దాని వెనకే ఉన్న పాట మొదలైంది. ముందు రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు డ్రమ్ము, వెంటనే కరెంటు రంపం లాంటి గిటారు, ఆ మీద ఒక మగగొంతు. గొంతని ఎలా అనను, మా గేటే జపాను భాషలో మాట్లాడుతోంది. ఆపుదామంటే మీట జారిపోతోంది. వీధిలో ఒక్కో తలుపూ తెరుచుకుంది.

“ఏం లొల్లి ఇది, ఇండ్లల్ల మనుషులున్నరనుకున్నవా లేదా?”

“ఆగుతలేదక్కా. జర ఈ మీట ఒత్తవా, నా చేతులు చేపలయి.”

ఆవిడ మీట ఒత్తింది. ఒత్తి టబ్బులోకి చూసింది. “కొర్రమట్టనా? బతికున్నదే?” అంది. వెనక వచ్చినావిడ, తిట్టడానికి వచ్చింది కదా, వట్టి చేతుల్తో పోవడమెందుకని ఒక బొచ్చె చేప తీసుకుంది. మేడ మీది అవ్వ బుట్ట దించింది. తిట్టడానికైనా సరే, తలుపు తెరిస్తే చేప అమ్ముడుపోతుందని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇంటికి రాగానే చిన్నదాన్ని కూర్చోబెట్టి అడిగాను.

“ఎవరే వాళ్ళు?”

“ఇద్దరే పెద్దమ్మా. ఒకడు గిటారు వట్టుకొని పాడుతడు, ఒకడు డ్రమ్ము కొడుతడు.”

“ఇద్దరే ఇంత ఆగం జేస్తున్నరా?”

“అవ్. ఇది వాళ్ళ మొట్టమొదటి పాట. దీనికి ముందు వాళ్ళెవరో ఎవరికి ఎర్కలేదు.”

“అంటే బోణీ అన్నట్టు.”

“ఆఁ, బోణీ పాటనే అనుకో. పాడేటోని గొంతు విన్నవా? అచ్చం నీ లెక్కనే ఉంటది. వానికి అక్కడ మస్తు మంది ఫ్యాన్లు.”

“గా గొంతుకా? ఏమని పాడుతున్నడే?”

“నాకు గూడ మొత్తం రాదు. ఒకడు కొత్త ఊరికి పోతడంట. ఎవ్వరు గుర్తు వట్టరంట. అయినా సందు సందుకు ఒర్రుకుంట తిరుగుతడంట.”

మర్నాడు పొద్దున డబ్బా కళ్ళకద్దుకుని, బోణీ పాటతోనే బేరం మొదలుపెట్టాను.

వినీ వినీ ఆ పాట నాకు నోటికొచ్చేసింది. అర్థం ఒక్క ముక్క తెలియదు, కానీ ఏ శబ్దం తర్వాత ఏ శబ్దమో తెలుసు. పాట నడుమ మూడు చోట్ల డ్రమ్మూ గిటారూ టక్కున ఆగిపోతాయి. ఒక్క ఊపిరి తీసుకునేంత ఖాళీ. అంత మంచి ఖాళీని వదిలెయ్యడం నాకు మనసొప్పలేదు. చేపల పేర్లు పెట్టాను: మొదటి దాంట్లో ‘బొచ్చే’ అన్నాను, రెండో దాంట్లో ‘రవ్వా’ అన్నాను, మూడోది పెద్ద ఖాళీ, అందులో ‘కొర్రమట్టా’ పట్టింది. అంత లొల్లి మధ్య నా గొంతు ఎవరికీ వింతగా అనిపించలేదు. వానిదీ నాదీ కలిసిపోయాయి. రోజులు గడిచేకొద్దీ ఆడవాళ్ళు పాట వినగానే గిన్నెలతో వచ్చేవాళ్ళు. వాళ్ళకంటే ముందు పిల్లులు వచ్చేవి. డ్రమ్ము మొదలవగానే గోడల మీంచి దిగి బండి చుట్టూ వరసగా కూర్చునేవి, టిక్కెట్టు కొన్నవాళ్ళలాగా. నాదర్‌గుల్‌లో విమానాలు నడపడం నేర్చుకునేవాళ్ళు నెత్తి మీదుగా ఎంత చప్పుడు చేసుకుంటూ పోయినా ఒక్క పిల్లి తలెత్తేది కాదు.

మిరుగం వచ్చింది. తెల్లవారుతూనే చెరువు కట్ట మీద జాతర. నేను చేపల కోసం వరసలో నిలబడితే బావ వచ్చాడు.

“డబ్బ ఇటియ్యి. నాదే గద.”

“ఇయ్యాలనే గావాల్నా బావా?”

“ఇయ్యాల మిరుగం. నీకు డబ్బ లేకున్నా అమ్ముడువోతయ్.”

డబ్బా ఆయనదే, ఇచ్చేశాను. కార్డు అందులోనే ఉంది. నా వంతు వచ్చి, టబ్బు నింపుకుని, కాలనీ మలుపు దాకా వచ్చేసరికి డ్రమ్ము వినిపించింది. బావ నా సందులో ఉన్నాడు. ఈ సందులు కూడా ఆయన పాలైతే టబ్బు నిండుగా ఇంటికి పోతాను, సాయంత్రం తాళంచెవి ఆయన చేతిలో పెడతాను, రేపట్నుంచి మా ఆయన బండి వాళ్ళన్న కింద నడుస్తుంది. బండి దిగి, నెట్టుకుంటూ మలుపు దాకా వెళ్ళి చూశాను.

సందు నిండా ఆడవాళ్ళు, గిన్నెలు, పిల్లులు. నడుమ మా బావ, పెళ్ళికొడుకులా మీసం దువ్వుకుని ఉన్నాడు. కానీ ఎవరూ కొనడం లేదు. మేడ మీది అవ్వ బుట్ట సగం దించి ఆపింది.

“చేపల బిడ్డ ఏది?”

“ఎవరైతేంది అవ్వా, చేప చేపనే.”

“చేప సంగతి తర్వాత. పాట సరిగ్గ లేదు.”

“గదే పాట అవ్వా.”

“యాడ గదే? బొచ్చె ఏది? రవ్వ ఏది? నడుమల ఊకె ఆగుతున్నడు. ఇది నకిలీ పాట. పాట నకిలీదైతే చేప సుత ఎట్లుంటదో.”

బావ డబ్బాను రెండు దెబ్బలు కొట్టి మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. మొదటి ఖాళీ వచ్చింది. ఆడవాళ్ళందరూ చెవి పెట్టారు. ఏమీ లేదు. రెండోది వచ్చింది. ఏమీ లేదు. పాపం, ఎక్కడో జపానులో ఆ ఇద్దరు పిల్లలు ప్రాణం పెట్టి పాడిన పాట, మా సందులో సగం పాటై నిలబడింది. మూడో ఖాళీ దగ్గరపడుతోంది. ఇంక నన్ను నేను ఆపుకోలేదు, మలుపు దగ్గర్నుంచే ఉన్న గొంతంతా పెట్టి “కొర్రమట్టా” అని ఒర్రాను.

ముందు పిల్లులు తిరిగాయి. తర్వాత గిన్నెలు.

“గిదీ పాట” అంది అవ్వ పైనుంచి.

బావకు కోపం వచ్చి డబ్బా ఆపేశాడు. “ఇగ నువ్వే పాడు, సూద్దాం” అన్నాడు. పాడాను. డ్రమ్ము లేదు, గిటారు లేదు, వట్టి గొంతు. అర్థం తెలియని మాటలు మొదట్నుంచి చివరిదాకా, మూడు చేపలతో సహా. బతుకమ్మలో ఎవరూ పాడనివ్వని గొంతు అది. ఒక్కరూ నవ్వలేదు, నా నోట్లో ఎవరూ ముద్ద పెట్టలేదు. పాట అయ్యేసరికి తరాజు చుట్టూ చోటు లేదు. తలెత్తి చూస్తే బావ బండి అక్కడ లేదు.

మధ్యాహ్నం ఖాళీ టబ్బు అరుగు మీద బోర్లించి కూర్చున్నాను, ఆయన చూడాలని. వచ్చాడు, చూశాడు, డబ్బా పక్కన పెట్టాడు.

“ఇది నీ దగ్గర్నే ఉండని. నడుమల ఆగినప్పుడల్ల అందరు నా మొఖం సూస్తున్నరు.”

తాళంచెవి ఊసే ఎత్తలేదు. (ఇప్పటికీ వల బాగుచేసుకుంటూ ఆ పాట కూనిరాగం తీస్తాడు. మూడో ఖాళీ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, నోట్లోనే కొర్రమట్ట అనుకుంటాడు. అడిగితే లేదంటాడు.)

ఇప్పుడు నేను తిరగడం లేదు, మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. బస్సులు ఆగే చోట చిన్న కొట్టు పెట్టుకున్నాను, గిరాకీయే నా దగ్గరికి వస్తుంది, ఒర్రే పని లేదు. మోపెడ్ పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. మొన్న చిన్నది వచ్చి ఫోను చూపించింది. ఆ ఇద్దరే. పాడేవాడి గడ్డం నెరుస్తోంది, డ్రమ్ము వాడికి బొజ్జ వచ్చింది. ఎదురుగా సముద్రమంత జనం. చివర్లో తమ బోణీ పాట ఎత్తుకున్నారు. మూడో ఖాళీ దగ్గర పాడేవాడు మైకు జనం వైపు తిప్పాడు, జనమంతా ఏదో అన్నారు. ఏమన్నారో నాకు వినపడలేదు. అప్పటికే నా నోట్లోంచి కొర్రమట్ట వెళ్ళిపోయింది.

“వాళ్ళకు చెప్పాలె పెద్దమ్మా, వాళ్ళ పాటల మూడు చేపలు తక్కువున్నయని” అంది చిన్నది.

పెరట్లో టార్పాలిన్ కదిలింది. దాని కింద పడుకునే బూడిదరంగు పిల్లి, ఆ రోజుల్లోని ఏ పిల్లికి మనవరాలో, ఒళ్ళు విరుచుకుని వచ్చి నా ఎదురుగా బుద్ధిగా కూర్చుంది.

“చేపల్లేవే, ఉత్త పాటనే” అన్నాను. అది నమ్మలేదు. టబ్బు వెనక కట్టుకుని ఒర్రుకుంటూ తిరిగిన ఆనాటి నేను సందు మలుపు దాకా వచ్చేసినట్టు గేటు వైపే చూస్తూ కూర్చుంది. నేనూ కాసేపు అటే చూశాను.