మేడమ్ కోసం చూసిన గూడు

ఫోనులోంచి గాలి చప్పుడు వస్తోంది. ఎక్కడో ఉత్తరాన ఒక చలిదేశపు అడవిలో, ఎత్తైన చెట్టు మీది గూటికి ఎదురుగా బిగించిన కెమెరా పంపుతున్న గాలి అది. నేనున్నది నంద్యాలలో, బస్టాండు వెనక సందులోని నా చిన్న ల్యాబులో. పొద్దున ఎనిమిదింటికే పైన రేకులు వేడెక్కాయి. సెంట్రిఫ్యూజులో రక్తం గొట్టాలు తిరుగుతుంటే, ఆ హోరులోనే నల్ల కొంగ పిల్లలు తిండి కోసం గొంతు చించుకోవడం మొదలుపెట్టాయి. ఆ అరుపు వినగానే నా చెయ్యి దానంతటదే మేడమ్ నెంబరు మీదికి పోయింది. ఆమె లేకుండా ఇది రెండో వేసవి. అయినా ఈ చేతికి ఇంకా బుద్ధి రాలేదు.

సుగుణ మేడమ్ ఆళ్లగడ్డలో మాకు ఇంటర్లో జువాలజీ చెప్పారు. పొట్టి మనిషి. ఆదివారం చర్చికి కట్టుకున్న చీరే సోమవారం ఇస్త్రీ చేసి కాలేజీకి కట్టుకొచ్చేవారు. కోపం వస్తే అరిచేవారు కాదు, నవ్వేవారు. ఆ నవ్వంటేనే మాకు హడల్. మా కాలేజీలో రికార్డు రాయడమంటే పాత రికార్డు ముందు పెట్టుకుని కొత్తది దించడం. నేను ఒక సీనియర్ అక్క రికార్డు అడిగి తెచ్చుకుని బొద్దింక బొమ్మ దించాను. నాది చూసి పక్కవాళ్లు, వాళ్లది చూసి వెనకవాళ్లు దించారు. దిద్దుతూ దిద్దుతూ మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. ఆ అక్క గీసిన రోజు ఆమె ట్రేలోని బొద్దింకకు ఒక మీసం విరిగి ఉందట. ఆమె ఉన్నది ఉన్నట్టు గీసింది. మేమేమో రెండు మీసాల బొద్దింకలను ఎదురుగా పెట్టుకుని, క్లాసు క్లాసంతా విరిగిన మీసమే గీశాం.

"ఆ పాప బొద్దింకను చూసింది, మీరు ఆ పాపను చూసినారు. మీ ముందరుండే దాన్ని ఎవురు చూసినారు?" అన్నారు మేడమ్. సిగ్గుతో చచ్చిపోయాను. రికార్డు మొత్తం మళ్లీ గీయించారు, నాతో మాత్రం రెండుసార్లు.

నాకు చిన్నప్పటి నుంచి కాలు నిలవదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే ఎక్కడికో పోవాలనిపిస్తుంది. ఒక చలికాలం మేడమ్ మమ్మల్ని ఆటోల్లో అహోబిలం వైపు, నల్లమల కొండల కింది వాగు దగ్గరికి తీసుకుపోయారు. బండల వెనక కూర్చోబెట్టి నోరు మెదపొద్దన్నారు. చాలాసేపటికి నీళ్లలోకి ఒక పెద్ద పక్షి దిగింది. మెడా వీపూ నలుపు, ఎండ తగిలినచోట పచ్చగానూ ఊదాగానూ ఒక మెరుపు. పొట్ట తెలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు. నల్ల కొంగ. ఇంకా బాగా చూడాలని నేను లేచి నిలబడ్డాను. అది ఎగిరిపోయింది. మిగతావాళ్లు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. మేడమ్ ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, అవి చలికి వచ్చి ఎండలు ముదిరేలోపు పోతాయని, ఇక్కడ గూడు పెట్టవని, బతికుండగా ఒక్కసారి ఆ గూడు చూడాలని ఉందని చెప్పారు.

తర్వాత చాలా ఏళ్లకు ఒకరోజు నా ల్యాబులో షుగర్ పరీక్షకు వచ్చిన గొట్టం మీద ఆమె పేరు చూశాను. తలెత్తితే బెంచీ మీద మేడమ్ ఉన్నారు. రిటైరై నంద్యాలలో చెల్లెలు గ్రేసమ్మ ఇంట్లో ఉంటున్నారట. షుగరు కళ్లను తినేసింది. వెలుతురూ నీడా తప్ప పెద్దగా ఏమీ ఆనడం లేదు. నా గొంతు వినగానే పోల్చుకుని, ఇప్పుడైనా కుదురుగా కూర్చుంటున్నావా అని అడిగారు. ఆ వారమే ఆమెను చూడడానికి వెళ్లాను. దిండు పక్కన ఫోను పెట్టుకుని గాలి చప్పుడు వింటున్నారు. ఎవరో నల్ల కొంగల గూటికి కెమెరా పెట్టారని తెలిసి గ్రేసమ్మతో పెట్టించుకున్నారట. ఇన్నేళ్లకు గూడు దొరికింది, చూడడానికి కళ్లు లేవు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆమెకు మాత్రం అంత తీరిక లేదు.

"నువ్వు చూడు, నాకు చెప్పు. కనపడిందే చెప్పు, నీకు అనిపించింది వద్దు" అన్నారు.

అలా మొదలైంది. రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేసి గూడు చెప్పేదాన్ని. నాలుగు గుడ్లు, నాలుగు పిల్లలు. తల్లీ తండ్రీ చేపలు తెచ్చి గూటి మధ్యలో కక్కితే పిల్లలు ఎగబడి తినేవి. ఇవే చలికాలంలో మన వాగుకు వస్తాయేమో మేడమ్ అని ఒకసారి అన్నాను. వీటి దారి వేరే, ఆఫ్రికా వైపు పోతాయి, లేని చుట్టరికం కలపొద్దన్నారు. నాలుగోది చిన్నది. మిగతావి తిన్నాక లేచేది, అప్పటికి ఏమీ మిగిలేది కాదు. ఫోన్ ఎత్తగానే మేడమ్ మొదట దాని సంగతే అడిగేవారు. నాకు ల్యాబులో పని మీద మనసు నిలిచేది కాదు. ఎవరైనా చెట్టెక్కి దాని నోట్లో ఒక చేప పెడితే ఏం పోతుందని లోపల ఒకటే రంపపు కోత.

కంటి ఆపరేషన్ సోమవారం అనుకున్నారు. అక్క మనసు కష్టపెట్టే మాట ఏదీ చెవిన వెయ్యొద్దని గ్రేసమ్మ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. ఆ శుక్రవారం పొద్దున, గుర్తు కోసం కాలికి ఉంగరం తొడిగిన మగపక్షి వచ్చి చేపలు కక్కింది. మూడూ తిన్నాయి. చిన్నది లేవబోయి తూలి పడింది. మగపక్షి దాన్ని మెడ దగ్గర పట్టుకుని రెండుసార్లు విదిలించి, గూటి అంచుకు తీసుకుపోయి కిందికి వదిలేసింది. వెనక్కి వచ్చి పుల్లలు సర్దుకుంది. నేను బల్ల మీద గుద్ది కేక పెట్టాను. రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపుకుని కూర్చున్న పెద్దాయన జడుసుకున్నాడు.

ఎనిమిదింటికి ఫోన్ చేసి, చిన్నది రెండు చేపలు తిన్నదని చెప్పాను. శనివారం అది రెక్కలు ఆడించిందన్నాను. ఆదివారం దాన్ని కొంచెం లావు కూడా చేశాను. అబద్ధం ఇంత సుళువుగా నడుస్తుందని నాకు తెలియదు.

మంగళవారం కంటికి కట్టుతో ఉన్న మేడమ్ దగ్గరికి వెళ్లాను. గూట్లో ఎన్ని ఉన్నాయని అడిగారు. నాలుగన్నాను. ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీసి మంచం మీద పెట్టారు.

"శుక్రవారం నుంచి సన్నగొంతు వినపడలే. మూడే అరుస్తాండాయి. నువ్వు చెప్తావని కాచుకోనుండా."

ఆపరేషన్ ఉందని దాచానని అనబోయాను.

"నాకు పోయింది కళ్లు. పసిబిడ్డనేం కాదు, మెత్తగా పిసికి ముద్దలు పెట్టడానికి. జరిగింది చెప్పు."

చెప్పాను. ఆమె ఒక్కొక్కటే అడిగారు. ఏ పక్షి, ఎక్కడ పట్టుకుంది, చిన్నది అరిచిందా, మిగతా మూడూ చూశాయా. చూసింది చూసినట్టు అన్నీ చెప్పాను. చివరికి ఆమె గోడ వైపు తిరిగి, ఇంక ఇంటికి పొమ్మని, కొంచెంసేపు ఏడ్చుకుంటానని అన్నారు. నాలుగు రోజుల క్రితమే ఏడవాల్సిన ఏడుపు. దాన్ని కూడా ఆమె దగ్గర నుంచి కాజేశానని ఆ సందులో అటూ ఇటూ తిరుగుతూ అప్పుడు తెలుసుకున్నాను. ఇప్పటికీ తల్చుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మర్నాడు ఎనిమిదింటికి ఆమే ఫోన్ చేసి, మూడూ ఎట్లున్నాయని అడిగారు.

ఆ ఆపరేషన్ వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. వానాకాలం చివర్లో ఆమె కాళ్లు వాచాయి. డాక్టరు కిడ్నీ పరీక్ష రాశాడు. రక్తం నా చేతులతో నేనే తీశాను. కిడ్నీలు చాలావరకు పోయాయని మిషను చూపించిన అంకెను నమ్మలేక మళ్లీ పెట్టాను, ఇంకోసారి పెట్టాను. రిపోర్టు తీసుకుని వెళితే గ్రేసమ్మ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, బాగానే ఉందని చెప్పమని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను లోపలికి పోయి మంచం పక్కన నిలబడ్డాను.

"ఎంతుంది?" అన్నారు మేడమ్.

చెప్పాను. మూడుసార్లు చూశానని కూడా చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగారు. ఆమెకు ఏడ్చుకోవడానికి తావు ఇవ్వాలని నేను తలుపు వైపు నడిచాను.

"పోవద్దు. గూడు చెప్పు."

పిల్లలు ఎగిరిపోయి నెల దాటింది. ఖాళీగా ఉంది మేడమ్ అన్నాను.

"ఖాళీ అంటే నాకేం తెలుస్తాది? ఎట్లుందో చెప్పు."

మంచం మీద కూర్చుని ఫోన్ తెరిచాను. అక్కడ వాన పడుతోంది. పుల్లలు తడిసి నల్లబడ్డాయి. మధ్యలో పరిచిన నాచు పిల్లల బరువుకు పళ్లెంలా అణిగి ఉంది. అంచున ఒక చిన్న తెల్ల ఈక ఇరుక్కుని ఊగుతోంది. వెనక ఆకులు పసుపుకు తిరిగాయి. ఏదో బుల్లిపిట్ట వచ్చి పుల్లల సందుల్లో పురుగులు ఏరుకుని పోయింది. ఆమె నా చెయ్యి పట్టుకుని వింటూ ఉన్నారు. కనపడిందంతా చెప్పాను, కనపడనిది ఒక్కటీ కలపలేదు.

చలికాలం రాకముందే ఆమె పోయారు. నాకు నెమ్మది ఇప్పటికీ అబ్బలేదు. కానీ రిపోర్టు కవరులో పెట్టి, మనిషి ముఖం చూడకుండా అందించి పంపడం మానేశాను. డాక్టరు చెప్పాల్సింది డాక్టరు చెబుతాడు. అయినా ఆ కాగితం పట్టుకుని, ఏముందమ్మా అని అడిగేది మొదట నన్నే. ఏం లేదులే అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. దాన్ని మింగి, ఎక్కువే ఉందని, ఈరోజే డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పి, కుర్చీ లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చుంటాను.