పెళ్లి తేదీ ఉన్న రూపాయి నోటు

ఆ రోజుల్లో మనిషికి ఒక పిచ్చి ఉండడం తప్పు కాదు గాని, అది నలుగురికీ అర్థమయ్యే పిచ్చి అయి ఉండాలి. మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఒకాయనకు పావురాలు, ఒకాయనకు కుస్తీ, మా పక్కింటాయనకు హార్మోనియం. (ఆయన వాయించేవాడు కాదు, రిపేరు చేసేవాడు. అది మాకు ఇంకా కష్టంగా ఉండేది.) నాకు నోట్ల నంబర్లు. యుద్ధం పుణ్యమా అని వెండి రూపాయలు జనం పెట్టెల్లోకి దూరిపోయి, ఒంటి రూపాయి కాగితాలు కొత్తగా చేతికి వస్తున్న కాలం అది. గూడ్సాఫీసులో గుమస్తాగా చేరిన కొత్తలో, జీతంలో వచ్చిన ఒక నోటు నంబరు చివర మా నాన్న నడిపిన ఇంజన్ అంకెలు వరసగా కనిపించాయి. దాన్ని ఖర్చు పెట్టడానికి చెయ్యి రాలేదు. తర్వాత మా క్వార్టరు నంబరు, నేను పుట్టిన తేదీ, ఒకటొకటిగా బిస్కెట్ల డబ్బాలో చేరాయి. నెలాఖరున మా ఇంట్లో రూపాయలుండేవి, బియ్యం ఉండేవి కావు.

మా మేనమామ మెయిల్ డ్రైవరు. ఆయన రెండో కూతురిని నాకే ఇస్తారని మా అమ్మ చిన్నప్పటినుంచీ చెబుతూ వచ్చింది, నేను నమ్ముతూ వచ్చాను, ఆ అమ్మాయి కాదనలేదు. మావ మాత్రం అవుననలేదు. ఒకసారి నా డబ్బా మూత తీసి చూసి, "ఏటిరా ఇది? రూపాయికి దణ్ణం పెట్టుకుని దాసుకునేవోడు పెళ్లాన్నేటి పోషిస్తాడు?" అన్నాడు. ఆయన మనసు మారాలంటే నా పిచ్చిలోని గొప్పతనం పదిమందిలో రుజువు కావాలని నిశ్చయించుకున్నాను. (ఇరవై రెండేళ్లకు ఇది తెలివైన ఆలోచనలాగే ఉంటుంది.)

అంతలో మావ పెద్దకూతురి పెళ్లి కుదిరింది. తేదీ, నెల, సంవత్సరం కలిపితే ఆరంకెలు. నోటు నంబరూ ఆరంకెలే. వేట మొదలుపెట్టాను. తార్‌బహార్ పేటలో పాన్ దుకాణంవాడు తన గల్లాపెట్టెలో నోట్లు చూడనిచ్చేవాడు, చూసినప్పుడల్లా ఒక పాన్ కొనాలన్న షరతు మీద. నా పళ్లు ఎర్రబడ్డాయి. మావ అది కూడా గమనించాడు. పెళ్లి ఇంకో వారం ఉందనగా నోటు దొరికింది. దాన్ని ఇస్త్రీ చేశాను.

పెళ్లయిన మర్నాడు పొద్దున్న పందిట్లో పురోహితుడు చదివింపులు చదువుతున్నాడు. అందరివీ పదహార్లు, నూట పదహార్లు. నా వంతు వచ్చింది. "పెళ్లికూతురి మేనత్త కొడుకు చదివించినది, ఒక రూపాయి," అని చదివి, ఇంకేమైనా ఉందేమోనని ఆయన నోటు వెనక్కి తిప్పి చూశాడు. పందిరంతా నవ్వింది. నేను లేచి నంబరు సంగతి చెప్పాను. నవ్వు ఆగింది. నోటు చేయి మారుతూ ఆడవాళ్ల వైపు కూడా వెళ్లింది. మా మరదలు, అదే మావ రెండో కూతురు, దాన్ని చూసి, నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండు నెలలు పాన్ నమలడానికి సిద్ధపడ్డాను.

అప్పుడు మావ స్నేహితుడు, రాయపూర్ నుంచి వచ్చిన గార్డు, కళ్లజోడు పెట్టుకుని నోటు అందుకున్నాడు. "ముహూర్తం రేత్రి ఒంటిగంట దాటినాక గదా బాబూ. పన్నెండు కొడితే తేదీ మారిపోద్ది. ఈ నోటు ముందురోజుది," అన్నాడు. సూర్యోదయం దాకా రోజు మారదని పురోహితుడు. పంచాంగం మాట వేరు, నోటు మీదవి ఇంగ్లీషు అంకెలని గార్డు. పెళ్లివారు రెండు పార్టీలయ్యారు. వేసిన విస్తళ్లు అలాగే ఉన్నాయి. పెళ్లికొడుకు తనకు ఏ రోజున పెళ్లయిందో తెలియక ఇద్దరి వంకా చూస్తున్నాడు.

చివరికి మావ లేచాడు. "హౌరాలో నిన్న బయల్దేరిన బండి ఇయ్యాళ వొచ్చినా నిన్నటి బండే. పెళ్లి నిన్న సాయంత్రం గౌరీపూజతో కదిలినాది. నోటు సరైందే," అని దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అందరూ భోజనాలకు లేచారు. నేను బూరెలు మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాను. నా పెళ్లి కూడా అయిపోయిందనే అనుకున్నాను.

వేసవి రాకముందే మావ మా ఇంటికొచ్చాడు. రెండో కూతురిని గార్డుగారి అబ్బాయికి ఇస్తున్నట్టు మా అమ్మకు చెప్పి, నా వైపు తిరిగాడు. "నోటు సంగతిలో నువ్వే రైటు. కానీ పెళ్లిపందిట్లో కూడా డ్యూటీ మర్సిపోని మనిషి, ఆ గార్డు. అలాటోరింట్లో పిల్ల సుకపడతాది," అన్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను "అచ్ఛా" అన్నాను. నిజం చెప్పాలంటే చాలా రోజులు అన్నం సహించలేదు.

ఆమె పెళ్లికి అందరిలాగే పదహారు రూపాయలు చదివించాను. జీతం నోట్లను మంచం మీద బోర్లా పరిచి, నంబర్లు కనబడకుండా పదహారూ లెక్కపెట్టి కవర్లో పెట్టాను. ఇప్పుడు అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాటిలో ఆమె పెళ్లి తేదీ ఉంటే ఏం చేసేవాడో పాపం. దాన్ని ఇవ్వనూ లేడు, ఉంచుకోనూ లేడు.