ఆనందమ్మ నోట రాని పేరు

పూతలపట్టు కూడలి దాటాక తిరుపతి రోడ్డు పక్కనే ఆనందమ్మ ఇల్లు. ఆమె భర్త పేరు గోవిందప్ప. ఆ పేరు నేను చెబుతున్నాను గానీ, ఆమె చెప్పదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి చెప్పింది. పోస్టుమాను వచ్చి ఇది ఎవరిల్లని అడిగితే తడుముకోకుండా మొగుడి పేరు చెప్పేసింది. ఆ వారంలోనే గోవిందప్ప చింతచెట్టు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన కాలు చూపించి అత్త, "మొగుని పేరు నోట్లో పెట్టుకుంటే ఆయుస్సు తగ్గతాదని మీ అమ్మ చెప్పలేదా?" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆనందమ్మకు అదే చాలింది.

తర్వాత రేషను కొట్లో అయినా, ఆసుపత్రిలో అయినా "మా మునికుమార్ వాళ్ల నాయన" అనే చెప్పేది. చిక్కేమిటంటే ఈ సీమలో దేవుడి పేరు కూడా అదే. తిరుపతి కొండమీద దర్శనం వరుసలో అందరూ గొంతెత్తి గోవిందా అంటుంటే ఆమె మాత్రం "సామీ, సామీ" అనేది. అది ఆమెకు కష్టమని ఎన్నడూ తోచలేదు. ఎడమచేత్తో అన్నం తినకపోవడం మనకు ఎంత కష్టమో అదీ అంతే.

డెబ్బై దాటాక గోవిందప్పకు మతిమరుపు పట్టుకుంది. మొదట పొలం దారి మరిచిపోయాడు. తర్వాత కొడుకును, చివరికి ఆనందమ్మను. చిత్తూరు డాక్టరు చూసి, "తన పేరు ఆయనకు ఇంకా గుర్తుంది. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి, పలుకుతాడు" అన్నాడు. మామను పేరు పెట్టి పిలవడానికి కోడలు జయంతి మొదట మొహమాటపడింది. రెండు మూడు రోజుల్లో అలవాటు చేసుకుంది. "గోవిందప్ప మామా" అంటే చాలు, ఆయన తల తిప్పేవాడు. ఆనందమ్మ "ఇదో, నిన్నే, వినపడలేదా?" అంటే, వేరే ఎవరినో అంటున్నారన్నట్టు ఊరకుండేవాడు.

పెరటాసి నెల వచ్చింది. వేలూరు దిక్కు నుంచి పసుపు బట్టల వాళ్లు గుంపులు గుంపులుగా కొండకు నడిచిపోయే నెల అది. ఒక శనివారం పొద్దున కొడుకూ కోడలూ పనిమీద బయటికి పోయారు. ఆనందమ్మ వసారాలో చెనక్కాయలు వొలుస్తోంది. రోడ్డు మీద ఒక గుంపు "గోవిందా... గోవిందా!" అని కేక వేసింది.

మంచం మీదున్న గోవిందప్ప లేచి, "ఆ, వస్తా ఉండా" అన్నాడు. అని, గేటు తీసుకుని వాళ్లలో కలిసిపోయాడు.

ఆనందమ్మ చేట పక్కకు తోసి, చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. "ఇదో! యాడికి పోతా ఉండావు? నిల్చుకో!" గుంపులో నలుగురు వెనక్కి తిరిగారు గానీ ఆయన తిరగలేదు. ముందునుంచి మళ్లీ కేక లేచింది. ఆయన హుషారుగా అడుగు పెంచాడు. పక్కనుంచి లారీలు హోరెత్తుతూ పోతున్నాయి. ఆమె రొప్పుతూ పోయి ఎట్లాగో ఆయన చేయి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు.

"ఎవురమ్మా నువ్వు? వాళ్లు నన్ను పిలస్తా ఉండారు, పోవల్ల."

గుంపు పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఎవరమ్మా ఇతను?"

"మా ఇంటాయనే సామీ. మతి లేదు. ఇంటికి పంపించండి."

"ఆయన నిన్ను ఎవరో అంటుండాడే. మీ ఆయన పేరేంది, చెప్పు."

ఆనందమ్మ నోరు తెరిచింది. ఆ పేరు రాలేదు. "మునికుమార్ వాళ్ల నాయన" అంది.

"కొడుకు పేరు కాదమ్మా, ఈయన పేరు."

ఆమె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. చుట్టూ అందరూ ఆ పేరే అంటున్నారు. చేయెత్తి, అదిగో మీరంతా అనేదే అని చూపించబోయింది. పెద్దాయనకు అర్థం కాలేదు. ఈలోగా గోవిందప్పే, "నా పేరు గోవిందప్ప. మాది పూతలపట్టు" అని చక్కగా చెప్పాడు.

"చూడు, ఈయనకు మతి బాగానే ఉండాది" అని పెద్దాయన ఆయన భుజం మీద చేయి వేసి నడిపించుకుపోయాడు. ఆనందమ్మ ఏడుస్తూ వెనకే నడిచింది. గుంపులోని ఒక ముసలామె ఆమెతోపాటు నడుస్తూ, "నేనూ మా ఆయన పేరు చెప్పను తల్లీ" అని చెవిలో మెల్లగా అంది. ముందుకు పోయి ఆ మాట పెద్దాయనకు మాత్రం చెప్పలేదు.

పక్కింటివాళ్లు ఫోను చేస్తే మునికుమార్ బండి మీద వచ్చి, పొద్దు వాలేలోగా వాళ్లను అందుకున్నాడు. అప్పటికి తండ్రి పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆమె పాదాలు ఎవరూ చూడలేదు.

"నువ్వు పేరు పెట్టి ఒక్క కేక వేసుంటే నాయన గేటు కాడే నిల్చిపోయుండునే! ఎంత పనైపాయ!" అని కొడుకు ఇంటికి వచ్చాక అరిచాడు. ఆమె తల వంచుకుని భర్త కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ ఉండిపోయింది.

అతను బయటికి పోయాక జయంతి పక్కన కూర్చుంది. "ఒక్కసారి పిలిచి సూడత్తా. ఏమీ కాదు."

"ఏమీ కాదని నాకూ తెలుసు జయంతీ. నోరు రాలేదే, ఏం చేసేది?"

ఆ రోజు నుంచి గేటుకు తాళం వేస్తున్నారు. అన్నం కలిపి ముద్ద పెట్టేది ఆనందమ్మే. పేరు పెట్టి పిలిచేది మాత్రం జయంతి. పిలుపు వినగానే ఆయన నోరు తెరుస్తాడు, ముద్ద మింగుతాడు, కోడలి వైపు చూసి నవ్వుతాడు.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆనందమ్మ ఆయనకు ఎదురుగా కూర్చుంది. పెదవులు గుండ్రంగా చేసింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గోవిందప్ప ఆమెను కాసేపు చూసి, పరాయి ఆడమనిషితో మాట్లాడేంత మర్యాదగా, "ఏమన్నా కావల్లనా అమ్మా?" అని అడిగాడు.

"ఏమీ వద్దు" అంది ఆనందమ్మ. అని, ఆయన పంచె మీద పడ్డ మెతుకులు ఏరుతూ కూర్చుంది.