కొల్లేటి లంకలో ఆరు భోజనాలు

ముందుగా డబ్బు కట్టిన భోజనాన్ని నేనెప్పుడూ వదులుకోలేదు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమస్తాగా చేరిన కొత్తలో భోజన హోటల్లో నెలకి సరిపడా టిక్కెట్లు కొనుక్కునేవాణ్ణి. జ్వరమొచ్చినా సరే, దుప్పటి కప్పుకుని వెళ్ళి, చారన్నమైనా తిని, టిక్కెట్టు చింపించుకుని వచ్చేవాణ్ణి. పెళ్ళయ్యాక ఆ అవకాశం పోయింది గాని బుద్ధి పోలేదు. అందుకే, కొల్లేట్లో ఒక లంక మీద ఒకావిడ ముందు డబ్బు పుచ్చుకుని మూడు రోజులు బస ఇచ్చి, ఆరు పూటలూ అడిగినంత వడ్డిస్తుందని కైకలూరు నుంచి వచ్చిన ధాన్యం ఆసామి ఒకాయన చెప్పగానే నాకు నిద్ర పట్టలేదు. గూడబాతుల్ని చూసి రావాలని ఉందని ఇంట్లో చెప్పాను. "గూడబాతుల్నా, కొర్రమీనుల్నా?" అంది మా ఆవిడ.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటేడు, మాఘమాసం. తెల్లవారగానే పాసింజరు ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో నా ఎదురుగా నేతి డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. మాటల్లో నేను వెళ్ళేచోటు చెప్పాను.

"ఆ లంకకాండీ? తిండి మాత్రం దివ్యంగా ఉంటుందండి" అన్నాడాయన. "నేను మళ్ళీ వెళ్ళలేదనుకోండి."

ఎందుకని అడిగితే కిటికీలోంచి చూస్తూ, "భీమడోలు వచ్చినట్టుందండీ" అని డబ్బా సర్దుకున్నాడు. భీమడోలు రావడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

ఏలూరులో దిగేసరికి ఎనిమిదిన్నర. స్టేషను ఎదుట కాఫీ మాత్రమే తాగాను. ఇక్కడ, వెళ్ళదలచినవారికి నా అనుభవం కొద్దీ ఒక మాట. ఇలాంటి బసకి వెళ్ళేటప్పుడు దారిలో ఇడ్లీల జోలికి పోకూడదు. వడ్డనలో పప్పు దగ్గరే పొట్ట నింపుకోకూడదు, వెనకాల పులుసు వస్తుంది. మంచినీళ్ళు చివర్లో తాగాలి. జట్కా ఎక్కి బస్సు దగ్గరకి, బస్సులో కొల్లేటి ఒడ్డుకి చేరాను. అక్కడ ఆ బస తాలూకు మనిషి వెంకన్న తాటిదోనెతో సిద్ధంగా ఉన్నాడు. పాతికేళ్ళు ఉంటాయేమో, మెత్తగా మాట్లాడే మనిషి.

పదకొండు కావస్తున్నా మంచు విడలేదు. రెండు వైపులా మనిషెత్తు కిక్కిస గడ్డి. వెంకన్న గెడ వేసినప్పుడు అడుగున బురద తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. గూడబాతులు వందలకొద్దీ నీళ్ళ మీద ఉన్నాయి. ఒక్కటీ అరవదు, మేం పక్కనుంచి పోతున్నా కదలదు. చూడముచ్చటగా ఉందని నాకు నేను చెప్పుకున్నాను గాని, నిజానికి ఒళ్ళు జలదరించింది.

లంక మీద పెద్ద తాటాకిల్లు. ఇంటావిడ కనకమ్మ, వెంకన్నకి వదిన. ముప్పై దాటి ఉంటాయి. నుదుట పెద్ద కుంకుమబొట్టు. డబ్బు పుచ్చుకుని ఆరు ఇత్తడి బిళ్ళలు దారానికి గుచ్చి వసారా గోడ మేకుకి తగిలించింది. పూటకొక బిళ్ళ తీసి మూలనున్న చెంబులో వేయడం ఆ ఇంటి పద్ధతి. నా బిళ్ళల పక్క మేకుకి ఒకే ఒక్క బిళ్ళ వేలాడుతోంది. దాని దారం నల్లబడిపోయింది.

ఆవిడ వంటల పేర్లు చెబుతుంటే ఆ జాబితా కొల్లేటి చాంతాడంత ఉంది. నాకు నోరూరింది. "చూడమ్మా, ముందే డబ్బు కట్టిన భోజనం నేను వదిలే మనిషిని కాను. చచ్చినా వచ్చి తింటాను" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "ఆయనా ఆ మాటే అన్నారండి" అంది.

వసారాలో రెండు తామరాకులు వేసింది. నన్ను ఒకదాని ముందు కూర్చోబెట్టింది. రెండో ఆకు ముందు పీట, చెంబుతో నీళ్ళు ఉన్నాయి, మనిషి లేడు. నాకు ఏది వడ్డిస్తే ఆ ఆకులోనూ అదే వడ్డించింది. కొర్రమీను పులుసు వేస్తూ, "ఇవాళ పులుపు కాస్త ఎక్కువైందండి, ఏమనుకోకండి" అని ఖాళీ పీటతో చెప్పింది. నేను తల వంచుకుని తిన్నాను. పులుసు అమోఘం. పులుపు సరిగ్గా సరిపోయింది.

మజ్జిగన్నం అయ్యాక లేవబోయాను.

"అప్పుడేనాండీ?" అంది కనకమ్మ కంగారుగా. "పక్కవారింకా చెయ్యి కడగలేదండి."

పంక్తిలో కూర్చున్నాక పక్కవాళ్ళు తింటుండగా లేవకూడదన్నది మనందరికీ చిన్నప్పుడు నేర్పిన మర్యాదే. ఎవరూ లేని పంక్తిలో అది నాకు వర్తిస్తుందని అనుకోలేదు. అయినా కూర్చున్నాను. చెయ్యి ఎండిపోయింది. ఆవిడ గడప పట్టుకుని రేవు వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపటికి నిట్టూర్చి, "ఆలస్యమైనట్టుందండి. తమరు లేవండి" అని, ఆ ఆకు అలాగే తీసుకెళ్ళి నీళ్ళలో జారవిడిచింది. బిళ్ళ మాత్రం మేకుకే ఉంది.

పొద్దుగూకే వేళ భోజనంలోనూ అదే తంతు. మర్నాడు పొద్దున్న వెంకన్న నన్ను కొల్లేరు తిప్పడానికి తీసుకెళ్ళినప్పుడు అడిగేశాను.

"రెండేళ్ళయిందండి" అన్నాడు గెడ ఆపకుండా. "బందరు నుంచి ఒకాయన వచ్చారండి. తమరిలాగే సరదా మనిషి. ఆఖరి రోజు మధ్యాహ్నం భోంచేసి, పిట్టల్ని చూస్తానంటే మా అన్నయ్య దోనె ఎక్కించుకుని తీసుకెళ్ళాడండి. రాత్రి భోజనానికి వచ్చేస్తామన్నారు. రాలేదండి."

"మునిగిపోయారా?"

"ఎక్కడ మునుగుతారండీ? చూడండి." గెడ నిలువునా దించాడు. నీళ్ళు అతని నడుం దాకా కూడా వచ్చేలా లేవు. "కొల్లేరంతా వెతికామండి. ఎక్కడ వేసినా అడుగు తగులుతుందండి. దోనె లేదు, మనుషులు లేరు, కనీసం ఆయన గొడుగు లేదు."

కొంచెం దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "అందరం కర్మ చేసేద్దామన్నామండి. మా వదిన ఒప్పుకోలేదు. మొలలోతు నీళ్ళలో మనిషి ఎక్కడికి పోతాడంటుందండి. ఆయన భోజనం ఒకటి మిగిలుంది కాబట్టి ఆయనకి ఇంకా నూకలున్నాయంటుంది. ఆయన వస్తే, తీసుకొచ్చేది మా అన్నయ్యేగా అంటుందండి."

అప్పుడు అర్థమైంది. ఆకు వేస్తున్నది బందరాయనకి. ఎదురుచూస్తున్నది మొగుడి కోసం. మేకునున్న ఆ ఒక్క బిళ్ళే ఆవిడ నుదుటి బొట్టును నిలుపుతోంది. ఒడ్డున కిక్కిసలో ఏదో కదిలితే నేనూ తలతిప్పి చూశాను.

ఆ మధ్యాహ్నం రొయ్యల కూర. సగానికి సగం వదిలేశానంటే నన్నెరిగినవాళ్ళు నమ్మరు. సాయంత్రం దీపం పెట్టే వేళకి మళ్ళీ రెండు ఆకులు. పులుసన్నం కలుపుకుంటున్నాను. పక్కన పొలమారింది.

నాకు కాదు. నా నోట్లో ముద్ద లేదు. గొంతులో మెతుకు అడ్డం పడ్డ మనిషి దగ్గు, పొడిగా రెండుసార్లు, నా కుడిచెయ్యి పక్కనే వినిపించింది. కనకమ్మ కూడా విన్నది. గరిట పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడి, మెల్లగా, "ఎవరో తలుచుకుంటున్నారండి. నీళ్ళు తాగండి" అంది. నాతో కాదు.

రాత్రంతా ఏం జరిగిందో రాయను. ఏమీ జరగలేదు, నిద్ర మాత్రం లేదు. తెల్లారగానే వెంకన్నతో, మధ్యాహ్నం భోజనం కాగానే వెళ్ళిపోతానని చెప్పాను. ఇంకొక పూట తిండి పోతుందన్న సంగతి జ్ఞాపకం వచ్చింది. మొదటిసారి దానికి నాకు బాధ కలగలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పప్పు వడ్డించిన సంగతి మరిచి మళ్ళీ పప్పే వడ్డించింది. నిన్నటి దగ్గు ఆవిడలో ఏదో లేపింది. నేను తినడం పూర్తయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంది. రెండో ఆకు వైపు చూడలేదు. నా మొహంలోకే చూసింది.

"తమరు పక్కనే కూర్చున్నారు కదండీ. తిన్నారాండీ ఆయన?"

ఆకులో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. చేపముక్క మీద నూనె తేలి గడ్డకట్టింది. తినలేదమ్మా అంటే మరి రెండేళ్ళు ఆవిడ ఇలాగే గడప పట్టుకుని నిలబడుతుంది. తిన్నాడంటే బిళ్ళ చెల్లిపోతుంది, ఏడ్చి ఊరుకుంటుంది, తన బతుకు తాను బతుకుతుంది. నేను అలా ఆలోచించాను.

"తిన్నారమ్మా. మజ్జిగ కూడా పోయించుకున్నారు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు" అన్నాను.

ఒకరి ఆకు ఇంకొకరు మడవరు. నేను ఎడంచేత్తో ఆ తామరాకు మడిచాను.

కనకమ్మ లేచింది. మేకు దగ్గరికి వెళ్ళి, నల్లబడ్డ దారం తెంపి, బిళ్ళని చెంబులో వేసింది. ఆ చప్పుడు వసారా అంతా వినపడింది. నేను ఏడుపు కోసం కాచుకున్నాను. ఆవిడ ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, బొట్టు సరిచేసుకుంది.

"అయితే మావారు రేవులో దోనె కట్టేస్తుంటారండి. పాపం, ఎప్పుడు తిన్నారో ఏమో" అని, ఇంకొక తామరాకు తీసుకుని పెరటి వసారాలోకి పరిగెత్తింది. అతిథులు తిన్నాకే పడవ మనిషి తినడం ఆ ఇంటి ఆనవాయితీట. ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు.

నేను సంచి తీసుకుని వెళ్ళొస్తానని కేకేశాను. ఆవిడ గుమ్మంలోకి తొంగి చూసింది. "రాత్రి భోజనం ఒకటి మిగిలిందిగాండీ. తమరి బిళ్ళ అలాగే ఉంచుతానండి. వచ్చి తిందురుగాని" అంది. మొహం వెలిగిపోతోంది. తిరిగి డబ్బు అడగాలని నాకు తోచనే లేదు.

దోనె కదిలి ఇంటి వెనకవైపుకి వచ్చింది. పెరటి వసారాలో కనకమ్మ ఆకు ముందు కూర్చుని విసనకర్రతో విసురుతోంది. తల ఒక పక్కకి వంచి వింటోంది. ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకన్న గెడ ఆపేశాడు.

"మా వదిన నవ్వి రెండేళ్ళయిందండి" అన్నాడు.

"నేను చేసింది తప్పా, వెంకన్నా?"

"ఏమోనండి. ఇన్నాళ్ళూ ఎదురుచూసేదండి. ఇంక ఎదురుచూడక్కర్లేదు కదండీ." ఒడ్డున నన్ను దింపాక, వెనక్కి వెళ్ళకుండా దోనెలోనే మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుండిపోయాడు.

ఏలూరులో సాయంత్రం పాసింజరు అందింది. పెట్టెలో ఒకావిడ పిల్లలకి పులిహోర పెడుతూ, "తమరూ తీసుకోండి అన్నయ్యగారూ" అంది. వద్దన్నాను. భీమడోలు దాటేటప్పుడు దీపాలు పెడుతున్నారు. లంక మీద ఆకులు వేసే వేళ అది.

వెళ్ళేవారికి చెప్పదగ్గది చెబుతాను. తిండికి ఆ లంకకి సాటి లేదు, పెట్టిన డబ్బుకి రెట్టింపు గిట్టుతుంది. గూడబాతులకి మాఘమాసం మంచిది. అయితే ఎన్ని భోజనాలకి డబ్బు కడితే అన్నీ తినే లేవండి. ఒక్కటి కూడా మిగల్చకండి.

నాది ఒకటి మిగిలిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చుంటే, మొదటి ముద్దకే పొలమారింది. ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అంతే, దీపాలు పెట్టే వేళకి పొడిగా రెండుసార్లు. మా ఆవిడ నడినెత్తిన తట్టి, నీళ్ళచెంబు అందిస్తుంది.

"ఎవరో తలుచుకుంటున్నారండీ" అంటుంది.