బల్ల మీద రెండు దెబ్బలు

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. అప్పుడు కరెంటు ఉందా? తలుపు ఎవరు వేశారు? మీరు కాక ఇంకెవరైనా విన్నారా? మూడో ప్రశ్న దగ్గర ఎంతటివాళ్లయినా తడబడేవారు. నేను మెకానికల్ ఇంజనీర్ని. చప్పుడంటూ ఉంటే దానికో కారణం ఉంటుందని నమ్మినవాణ్ణి.

మా పెదనాన్న, ఆయన స్నేహితుడు దేవసహాయం మాస్టారు కలిసి జగ్గయ్యపేటలో ఒక మాసపత్రిక పెట్టారు. ఏ పార్టీ అండా, ఏ పెద్ద సంస్థ పెట్టుబడీ లేకుండా ముప్పై ఏళ్లకు పైగా నడిపారు. మాస్టారు పోయి ఆరేళ్లయింది. పోయిన ఏడాది, పత్రిక చరిత్రనే ఆఖరి సంచికగా వేసి ముగిద్దామని పెదనాన్న నిర్ణయించారు. నందిగామలో ఆయన ఇంట్లో ఆయన చెబుతుంటే నేను టైప్ చేశాను.

శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా ఫైలు విజయవాడ ప్రింటర్‌కి చేరాలి. ఆదివారం మాస్టారి కూతురు విజయ గారు పెనుగంచిప్రోలు నుంచి వచ్చి మొదటి ప్రతి అందుకోవాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పాత ఫొటోల కోసం జగ్గయ్యపేటలోని ప్రెస్సుకి వెళ్లాను. మెషీన్లు ఎప్పుడో అమ్మేశారు. మిగిలింది ప్రూఫులు దిద్దే టేకు బల్ల ఒక్కటే.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో చూశాను. పెదనాన్న రాతప్రతిని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివేవారు. ఎదురుగా మాస్టారు ప్రూఫు చూసేవారు. తప్పు కనబడితే పెన్సిల్ మొద్దు కొసతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. పక్క గదిలో మెషీన్ హోరుకి మాట వినపడదు. దెబ్బ మాత్రం అరచేతికి తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ తెరిచి, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి నేనూ ఒకసారి అలాగే చదివి చూసుకుందామనుకున్నాను. తర్వాత విని దిద్దుకోవచ్చని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బల్ల మీద ఉంచాను.

నాలుగో పేజీలో ఈ వాక్యం వచ్చింది: 'మూడో ఏట మాస్టారు ధైర్యం కోల్పోయి పత్రిక మూసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు.' ఫుల్‌స్టాప్ అనేలోపే అరచేతి కింద రెండు దెబ్బలు తగిలాయి.

వరసగా చూసుకున్నాను. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంది. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. దుమ్ము రాకుండా తలుపు గడియ నేనే వేశాను. వీధిలో లారీ లేదు. బల్ల కింద పిల్లి లేదు.

మళ్లీ చదివాను. రెండు దెబ్బలు. ఆ వాక్యం వదిలేసి పేజీ చివరిదాకా చదివాను. ఏమీ లేదు. వెనక్కి వచ్చి మూడోసారి చదివాను. ఈసారి దెబ్బలు ఇంకా గట్టిగా తగిలాయి. లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

రికార్డింగ్ ఆపి, ఏరోప్లేన్ మోడ్ తీసి పెదనాన్నకి ఫోన్ చేశాను.

"ఏరా ఇంజనీరూ, పంపేశావా?"

"పత్రిక మూసేద్దామన్నది మాస్టారేనా పెదనాన్నా?"

ఆయన గొంతు తగ్గించారు.

"విజయ ఏమన్నా అందా?"

"ఆవిడ ఇంకా చూళ్లేదు."

"మరి నీకెవరు చెప్పారు? అప్పటికి నువ్వు పుట్టనేలేదు కదరా."

నేను బల్ల వైపు చూశాను.

"మూసేద్దామన్నది నేనే," అన్నారాయన. "మైలవరంలో విత్తనాల కొట్లో గుమాస్తాగా చేరిపోయా కూడా. ఏడు నెలలు ఆయనొక్కడే తెచ్చాడు. సంపాదకుడిగా నా పేరు వేసి మరీ తెచ్చాడురా. రాసెయ్. ఉన్నదున్నట్టు రాసెయ్. మళ్లీ నాకు చదివి వినిపించకు."

ఆ వాక్యం మార్చి రాశాను. రెండు చేతులూ బల్ల మీద ఆనించి పైకి చదివాను. ఫుల్‌స్టాప్ అని ఆగాను. దెబ్బ పడలేదు. ఐదూ యాభైకి ఫైలు పంపేశాను.

ఆదివారం విజయ గారు నాలుగో పేజీని నిలబడే చదివారు. "ఎప్పటికైనా ఈ సంగతి మీరే రాస్తారని నాన్న అంటుండేవారు బాబాయ్ గారూ," అన్నారు. పెదనాన్న తల దించుకున్నారు.

నా మూడు ప్రశ్నలకీ నా దగ్గర జవాబులున్నాయి. కరెంటు లేదు. తలుపు నేనే వేశాను. ఇంకెవరూ వినలేదు. ఆఖరికి అదే బల్ల మీదున్న ఫోన్ కూడా వినలేదు. ఆ రికార్డింగ్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాలుగో పేజీ దగ్గర నా గొంతు మూడుసార్లు ఆగుతుంది. ఎందుకు ఆగిందో మాత్రం అందులో లేదు.