ముడి లేని కొంగు

జమ్మికుంట స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. అప్పుడు నేను నలభై ఎనిమిదేళ్ల పంతులమ్మను. ముట్లు ఆగిపోతున్న ఆ ఏడాది పిల్లల పేర్లు నోటిదాకా వచ్చి రాకుండా పోయేవి. మతి పోతోందని భయపడి, ఉద్యోగం మానేస్తానని రాసిన కాగితం సంచిలో పెట్టుకున్నాను. టికెట్ కోసం ఆ సంచంతా వెతుకుతుంటే, పక్కనున్న పెద్దావిడ నా కొంగు పట్టి చూపింది. టికెట్‌ను నేనే అందులో ముడివేసుకున్నాను.

సిగ్గుపడి అంతా చెప్పేశాను.

"ముట్లు ఆగేటప్పుడు నాకూ గట్లనే అయింది బిడ్డా," అంది. "నేను మంత్రసానిని. ఏ ఇంట్ల ఎన్నో నెలనో యాదికుండాలని కొంగుకు ఇంటికో ముడి ఏసుకునేదాన్ని. ఆఖరికి ఏ ముడి ఎవలదో మర్చిపోయిన. ఇల్లిల్లు తిరిగి, నీకెన్నో నెలనే అని అడిగిన. అయినా పని ఇడువలే."

"తర్వాత?"

ఆవిడ తన కొంగును ఒళ్లో పరిచింది. ఒక్క ముడి లేదు.

"రెండు మూడేండ్లకు తేటపడ్డది. ఇప్పుడు ఊర్ల ఎవలు ఏ పొద్దు పుట్టిండ్రో నన్నే అడుగుతరు."

ఆ కాగితం నేను ఎవరికీ ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత రిటైరవుతూ, బడిలో నా ఆఖరి రోజున, రిజిస్టరు తెరవకుండానే యాభై ముగ్గురి హాజరు పిలిచాను.